పాడుపడిన కట్టడములును దయ్యముల పరిశోధనయు

మన కోడుమూరు ప్రాంతమందు పాతకట్టడములకు కొదువ లేదు. పడమట ఆదవాని కొండలపై కోటగోడలున్నవి. దక్షిణమున గుత్తి దుర్గమున్నది. ఈశాన్యమున కర్నూలులో కొండారెడ్డి బురుజును, హంద్రీ యొడ్డున అబ్దుల్ వహాబుఖాను గోరీయు నున్నవి. ఇవిగాక, చరిత్ర పుస్తకములలో పేరెక్కని బురుజులు, సత్రములు, మెట్లబావులు, పాడుపడిన మిద్దెలు ఊరూర గలవు. వీనిలో దయ్యపుకథ లేనిదానిని మేమింతవరకు చూడలేదు. ఒకచోట అర్ధరాత్రమున గజ్జెల చప్పుడు వినబడుననియు, ఒకచోట తెల్లచీర కట్టిన స్త్రీ గోడమీద నడచుననియు, మరియొకచోట పాతిపెట్టిన ధనమును భూతము కాచుచున్నదనియు చెప్పుకొందురు. కొండారెడ్డి బురుజునుండి తుంగభద్ర క్రిందుగా గద్వాలవరకు సొరంగమున్నదని చెప్పువారును అనేకులు.

కథలు చెప్పుకొనుట దోషము కాదు. వేసవి రాత్రులందు మిద్దెమీద పండుకొని, అవ్వ నోట దయ్యపుకథ వినని బిడ్డ మన సీమలో నుండడు. అయితే ఆ కథ యింటినుండి వీధిలోనికి వచ్చి, యొక మనుష్యునివైపు వ్రేలెత్తి చూపునప్పుడు అది కథగా నిలువదు, అభియోగమగును. అభియోగమునకు విచారణ కావలెను.

గడచిన ఆషాఢమాసమున మన విద్యార్థులు కొందరు నివసించు గ్రామమొకదానిలో అట్టి సంగతి జరిగినది. ఆ గ్రామము పేరు చెప్పుట అనవసరము. ఊరి వెలుపల బాటప్రక్కను పాత సత్రమొకటి కలదు. అందు రాత్రులు స్త్రీ మూలుగు వినబడుచున్నదని పుకారు పుట్టెను. సత్రమునకు చేరువనే గుడిసెలో ఒంటరిగా నివసించు వృద్ధురాలే ఆ దయ్యమును సాకుచున్నదని మరియొక పుకారు దాని వెంబడి వచ్చెను. పదిదినములలోపల ఆమెను ఊరిబావి యొద్దకు రానీయకుండ చేసిరి. ఒకనాటి సాయంకాలము ఎవరో విసరిన రాయి ఆమె నుదుట తగిలెను. ఆ రాయి విసరినవాడు మన విద్యార్థియే.

ఈ పాఠము వ్రాయుటకు కారణమిదియే. సత్రములో మేమేమి కంటిమో చెప్పుటకు ముందు, ఇట్టి పరిశోధన లోకమందు ఎట్లు జరిగెనో, అందెవరు సరిగా నడచిరో, ఎవరు తప్పటడుగు వేసిరో తెలిసికొనవలసియున్నది. ఏలయనగా మేమును వారివలననే నేర్చుకొంటిమి.

1. పరిశోధక సంఘము

1882వ సంవత్సరమున లండను నగరమందు కొందరు విద్వాంసులు కూడి సైకికల్ రిసర్చి సొసైటీ, అనగా అతీంద్రియ విషయముల పరిశోధక సంఘము, స్థాపించిరి. కేంబ్రిడ్జిలో నీతిశాస్త్రము బోధించు హెన్రీ సిడ్జివిక్కు దానికి మొదటి అధ్యక్షుడు. భౌతికశాస్త్ర పండితుడగు విలియం బారెట్టు దాని స్థాపకులలో నొకడు. సంఘమువారు ఏర్పరచిన ఉపసంఘములలో నొకదాని పని, దయ్యములు తిరుగునని పేరుపడిన యిండ్లను గూర్చి విచారించుట. ఆ దినములలో జనులు రెండు పక్షములుగా నుండిరి. ఒక పక్షమువారు విన్నదెల్ల నమ్ముచుండిరి. రెండవ పక్షమువారు విన్నదెల్ల పరిహసించుచుండిరి. నమ్మువాడును పరిశోధింపడు, పరిహసించువాడును పరిశోధింపడు. ఈ సంఘమువారు మూడవ త్రోవను నడువ బూనిరి.

వారు చేసిన పనులలో నొకటి మిక్కిలి గొప్పది. మెలకువగా నున్నప్పుడు, బాహ్యకారణమేమియు లేకుండ, ఒక రూపము కనబడినట్లు గాని, యెవరో తాకినట్లు గాని, యొక స్వరము వినబడినట్లు గాని మీకెన్నడైనను స్పష్టముగా తోచినదా అను ప్రశ్నను 17,000 మందిని అడిగిరి. ఆ లెక్క 1894లో ప్రకటింపబడెను. సుమారు నూటికి పదిమంది అవునని యుత్తరమిచ్చిరి. వీరు పిచ్చివారు కారు, రోగులు కారు, అబద్ధికులు కారు, మనవంటివారే. ఈ లెక్కచొప్పున నలుబదిమంది గల తరగతిలో నలుగురికి తమ జీవితకాలమున ఎన్నడో యొకప్పుడు ఇట్టి యనుభవము కలుగవచ్చును.

కాబట్టి మన మొదటి సూత్రమేమనగా: చూచితినని చెప్పువాడు అబద్ధికుడు కానక్కరలేదు, అతడు చూచినది దయ్యమును కానక్కరలేదు. ఈ రెండు మాటలను కలిపి జ్ఞాపకముంచుకొనుడి. మొదటిదానిని మరచినవాడు తోడివానిని అవమానించును. రెండవదానిని మరచినవాడు తన్ను తానే మోసపుచ్చుకొనును.

2. అడయారు విచారణ

ఆ సంఘము పుట్టిన రెండేండ్లకే దాని పరిశోధకుడొకడు మన చెన్నపట్టణమునకు వచ్చెను. అప్పటికి కర్నూలును, బళ్లారి జిల్లాలో చేరియుండిన ఆదవానియు చెన్నపట్టణపు రాజధానిలోనివే గనుక, ఇది మన యింటి సంగతి యని చెప్పవచ్చును.

దివ్యజ్ఞాన సమాజమువారు 1882లో తమ ప్రధాన కార్యస్థానమును అడయారు నదియొద్ద నొక భవనమున స్థాపించిరి. ఆ సమాజ స్థాపకులలో నొకరగు బ్లావట్‌స్కీ దొరసాని గదికి ప్రక్కగదిలో గోడకు ఆనించి చెక్కమందసమొకటి యుండెను. దూరమందున్న మహాత్ములు వ్రాసిన యుత్తరములు అందులో వాటంతట అవే ప్రత్యక్షమగుచున్నవని అనేకులు నమ్మిరి. అయితే ఆ భవనమున పనులు చూచుచుండి తరువాత వెలువరింపబడిన కూలోంబు దంపతులు, ఇదంతయు తంత్రమని చెప్పి, దొరసాని తమకు వ్రాసినవని కొన్ని యుత్తరములను చూపిరి. వానిని 1884వ సంవత్సరము సెప్టెంబరు నెలలో ప్రకటించినది మద్రాసు క్రిస్టియన్ కాలేజీ మాగజీను. ఒక మిషను కళాశాలవారి పత్రికయే ఈ విచారణకు తలుపు తెరచెనని మన పత్రిక పాఠకులు తెలిసికొందురు గాక.

ఆ సంవత్సరము డిసెంబరులో రిచర్డు హాడ్జిసను అను యువకుని ఆ సంఘమువారు చెన్నపట్టణమునకు పంపిరి. అతడు వచ్చునప్పటికి మందసము లేకుండ పోయెను. అయినను అతడు నిరాశ చెందలేదు. గది గోడలను పరీక్షించెను; చూచితిమని చెప్పినవారిని ప్రశ్నించెను; ఉత్తరములలోని దస్తూరీని దస్తూరీ పండితులచేత పోల్చి చూపించెను. 1885లో ప్రకటింపబడిన అతని నివేదిక దొరసానికి ప్రతికూలముగా నుండెను. అద్భుతములని చెప్పబడినవి కపటములని అతడు నిర్ణయించెను. ఆమె దాని నంగీకరింపలేదు. సంగతి అంతటితో ముగియలేదు. నూరేండ్ల తరువాత, 1986లో, వెర్నను హారిసను అను దస్తావేజుల పరీక్షకుడు హాడ్జిసను నివేదికలో పక్షపాతమున్నదనియు, దస్తూరీని గూర్చిన వాదన బలహీనమైనదనియు వ్రాసెను. దానిని అచ్చువేసినది యెవరు? హాడ్జిసనును పంపిన ఆ సంఘమువారి పత్రికయే.

ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అని తీర్పు చెప్పుట ఈ పాఠముయొక్క పని కాదు. మనము నేర్చుకొనవలసినవి రెండు. కథను విని తలయూపక, కథ జరిగిన గదిని స్వయముగా చూడవలెను. పరిశోధకుని తీర్పు సయితము పరీక్షకు లోబడియుండవలెను. తన తీర్పును తిరిగి విచారింపనీయనివాడు పరిశోధకుడు కాడు.

3. బోర్లీ పాదిరి బంగళా

ఇంగ్లాండులోని ఎసెక్సు మండలమున బోర్లీ యను పల్లెయందు 1860వ సంవత్సర ప్రాంతములలో కట్టబడిన పాదిరి బంగళా యొకటి యుండెను. అందు సన్యాసిని రూపము తిరుగుననియు, గంటలు వాటంతట అవే మ్రోగుననియు ప్రసిద్ధి. 1929లో హారీ ప్రైసు అను పరిశోధకుడు పత్రికవారి ప్రేరణచేత అచ్చటికి వెళ్లెను. 1937లో అతడు ఆ బంగళాను ఒక సంవత్సరము అద్దెకు తీసికొని, వార్తాపత్రికలో ప్రకటన వేసి, 48 మంది పరిశీలకులను చేర్చుకొనెను. వారికి సూచనల చిన్నపుస్తకమొకటి యచ్చొత్తించి యిచ్చెను.

పని చక్కగా ప్రారంభమైనట్లు కనబడుచున్నది కదా? అయితే చూడుడి. అచ్చట ఎట్టి వింతలు సంభవింపవచ్చునో ఆ పరిశీలకులకు ముందుగానే తెలిసియుండెను. అడుగుల చప్పుడు వినబడునని చెప్పి పాతబంగళాలో ఒకనిని చీకటిలో కూర్చుండబెట్టినయెడల, అతనికి ఎలుక నడచినను అడుగుల చప్పుడుగానే వినబడును. 1939లో ఆ బంగళా అగ్నిపాలయ్యెను. 1940లో ప్రైసు దానిని గూర్చి పుస్తకము వ్రాసి, ఇంగ్లాండులో నన్నిటికంటె ఎక్కువగా దయ్యములు తిరుగు ఇల్లు ఇదియే యని ప్రసిద్ధి చేసెను. అతడు 1948లో మరణించిన తరువాత, పరిశోధక సంఘమునకు చెందిన ముగ్గురు సాక్ష్యమంతయు మరల పరీక్షించి 1956లో నివేదిక ప్రకటించిరి. చప్పుళ్లలో అనేకములకు ఎలుకలు, కట్టడపు ఆకారము, జనుల యెదురుచూపు కారణములని వారు చెప్పిరి. కొన్నిటి విషయమై ప్రైసునే అనుమానించిరి. దయ్యమును కనుగొనవలెనని వెళ్లినవాడు దయ్యమును కనుగొనకుండ తిరిగివచ్చుట కష్టము. పుస్తకము వ్రాయవలెనని వెళ్లినవానికి మరియు కష్టము.

మన దేశమందును ఇట్టి పనికి పూనుకొనినవారున్నారు. తిరువల్లలో క్రైస్తవ గురువునకు కుమారుడై పుట్టి, సింహళములో వృక్షశాస్త్రోపాధ్యాయుడై, 1978లో మరణించిన అబ్రహాము కోవూరు దయ్యపుకొంపల నెన్నిటినో శోధించెను. మన ఆంధ్రదేశమందు గోరా యని ప్రసిద్ధి చెందిన గోపరాజు రామచంద్రరావుగారు, దయ్యములున్నవని జనులు విడిచిన యింట కావలెనని కాపురముండి చూపిరి. వీరిద్దరును మతమును త్రోసివేసినవారు. ఆ విషయమున వారి త్రోవ వేరు, మా త్రోవ వేరు. అయినను సత్యమును పరీక్షించు ధైర్యము ఎవరియందున్నను దానిని గౌరవించుట మన విధి.

4. తెలిసిన కారణములు

దయ్యపు కట్టడములను గూర్చి ఇంతవరకు తెలిసిన కారణములలో ముఖ్యమైనవానిని చెప్పెదము.

గాలిలోని విషము: 1921లో విల్మరు అను అమెరికా నేత్రవైద్యుడు ఒక కుటుంబముయొక్క సంగతిని ప్రకటించెను. వారు పాతయింట చేరినది మొదలు అడుగుల చప్పుళ్లు వినుచు, రూపములు చూచుచు, తలనొప్పితో బాధపడుచుండిరి. తుదకు ఇల్లు వెచ్చచేయు కొలిమి చెడియుండుటచేత కార్బన్ మోనాక్సైడు అను వాయువు ఇల్లంతయు వ్యాపించుచున్నదని తేలెను. కొలిమి బాగుచేయగానే దయ్యములు పోయెను. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పండుకొనువారు ఈ సంగతిని మరువకుందురు గాక. ఆ వాయువు దయ్యమును చూపుటతో ఊరకొనదు, ప్రాణమును తీయును.

వినరాని ధ్వని: విక్ టాండీ యను ఇంజనీరు తాను పనిచేయు గదిలో భయమును, ఓరకంట బూడిదవన్నె రూపమును కనుగొనెను. గాలి విసరు యంత్రమొకటి సెకండుకు సుమారు 19 కంపనములు గల, చెవికి వినరాని ధ్వనిని పుట్టించుచున్నదని కనిపెట్టి 1998లో వ్రాసెను. ఇదియే కారణమని అందరు నొప్పుకొనలేదు గాని, వెదకదగిన కారణములలో ఇది చేరినది.

స్థలముయొక్క ఆకారము: ఎనిమిదవ హెన్రీ రాజు భార్యయై 1542లో శిరచ్ఛేదము పొందిన కాథరిన్ హోవర్డు తిరుగునని చెప్పబడు హాంప్టన్ కోర్టు రాజభవనమునందును, ఎడింబరో నగరపు వంతెన క్రింది నేలమాళిగలయందును రిచర్డు వైజ్‌మను మొదలగు మనశ్శాస్త్రజ్ఞులు వందలకొలది జనులను నడిపించి ప్రశ్నించిరి. వారి ఫలితములు 2003లో వెలువడెను. దయ్యములుండునని పేరుపడిన చోటులలోనే జనులకు వింత యనుభవములు ఎక్కువగా కలిగెను. ఆ పేరు ముందుగా తెలియనివారికిని అట్లే కలిగెను. అయితే వెలుతురు, గదియొక్క పరిమాణము మొదలగువాని భేదములతో ఆ యనుభవములు సంబంధించియుండెను. కావున ఆ చోటులలో ఏదో యున్నదని జనులు తలచుట వట్టి వెఱ్ఱి కాదు. ఉన్నది చీకటియు, చలియు, గోడల ఆకారమును కావచ్చును.

నిద్రలోని కట్టు: నిద్రనుండి లేచునప్పుడు మనస్సు మేల్కొని దేహము ఇంకను బిగిసియుండుట కలదు. అప్పుడు ఛాతిమీద నెవరో కూర్చుండినట్లు తోచును; కేకవేయ శక్తి యుండదు. దయ్యము నొక్కినదని మనవారు చెప్పునది ఇదియే.

వీనికి తోడు మన ప్రాంతపు కోటలలో నివసించు తెల్లని గుడ్లగూబను, పగటి యెండకు కాగి రాత్రి చల్లారునపుడు చిటపటలాడు బండలను లెక్కకు తీసికొనవలెను.

5. మా పరిశోధన

ఇప్పుడు సత్రమునకు మరలుదము. రాయి విసరిన బాలుని మేము పిలిచి యడిగినప్పుడు, అతడు ఏడ్చుచు తాను మూలుగు విన్నది నిజమనియే చెప్పెను. మేమతని నమ్మితిమి. తరువాత గ్రామపు పెద్దలయొద్దను, తలిదండ్రులయొద్దను అనుమతి పొంది, మేమును, మా సహోపాధ్యాయులొకరును, పై తరగతి విద్యార్థులు నలుగురును పనికి పూనుకొంటిమి. ఆ బాలుడు నలుగురిలో నొకడు.

మొదట మూలుగు విన్నామని చెప్పినవారి నందరిని వేరువేరుగా ప్రశ్నించి వ్రాసికొంటిమి. పందొమ్మండుగురు విన్నామని చెప్పుచుండిరి గాని, స్వయముగా విన్నవారు ఐదుగురే. తక్కినవారు విన్నవారివలన విన్నవారు. ఆ ఐదుగురును గాలి విసరు రాత్రులందే వినిరి. ఇది చిన్నమాటగా కనబడును గాని, తాళపుచెవి ఇందులోనే యుండెను.

రెండవది, పగటివేళ సత్రమును చూచితిమి. పడబోవు పైకప్పు క్రిందికి ఎవరిని పోనీయలేదు. పాములున్నవేమో కఱ్ఱతో తట్టి చూచితిమి. గోడలు రెండడుగులకు పైగా మందము గలవి. పడమటి గోడలో, లోపలి నీరు వెలుపలికి పోవుటకై పెట్టిన మట్టితూము ఒకటి యుండెను. దాని లోపలికొన మన్నుతో పూడియుండెను, వెలుపలికొన తెరచియుండెను. ఆ గోడ కెదురుగా నుండిన వేపచెట్టును నిరుడు కొట్టివేసిరని పెద్దలు చెప్పిరి.

మూడవది, రెండు రాత్రులు కావలి యుంటిమి. గదులలో కాక బయటి ముంగిట వేరువేరు మూలల కూర్చుండి, ఒకరితో నొకరు మాటలాడక, ఎవరి పుస్తకములో వారు గడియారము చూచి వ్రాయవలెనని నియమము. మొదటి రాత్రి మూలుగు అందరికిని వినబడెను. అంతేకాదు. అర్ధరాత్రము దాటిన తరువాత లోపలి ద్వారమున తెల్లని రూపమొకటి తల వంచుకొని నిలిచియుండుట మేము చూచితిమి. అది మెల్లగా కదలెను. మా పుస్తకములో "మనుష్యాకారము, ఆరడుగుల యెత్తు, కదలినది" అని వ్రాసితిమి. వ్రాయునప్పుడు చేయి వణకినదని ఒప్పుకొనుటకు మేము సిగ్గుపడము. తెల్లవారిన తరువాత చూడగా, లోపలి గోడమీద గచ్చు పెళ్ల ఊడక మిగిలిన తెల్లని మచ్చ యది. బహుళపక్షపు చంద్రుడు ఆలస్యముగా నుదయించి కప్పులోని రంధ్రమునుండి దానిపై వెన్నెల వేసెను. మబ్బులు సాగుటచేత అది కదలినట్లు తోచెను. కొలిచి చూడగా మూడున్నర అడుగులు మాత్రమే యుండెను. తెల్లవారకముందే మేము ఆ చోటు విడిచివచ్చియుండినయెడల, ఆరడుగుల దయ్యమును చూచితిమని ఇరువదియేండ్ల యుపాధ్యాయుడు సాక్ష్యమిచ్చియుండును. అతడు అబద్ధమాడి యుండడు.

నాలుగవది, మూలుగును పరీక్షించితిమి. ఒక కొన మూసిన గొట్టపు నోటిమీదుగా గాలి పోయినప్పుడు శబ్దము పుట్టునని మీరు ఖాళీ సీసా నోట ఊది యెరుగుదురు. అట్టి గొట్టములో పుట్టు ధ్వనితరంగపు పొడవు గొట్టముకంటె సుమారు నాలుగు రెట్లుండును. తూము పొడవు రెండడుగులు గనుక తరంగము ఎనిమిది అడుగులు. ధ్వని సెకండునకు సుమారు 1100 అడుగులు పోవును. దానిని ఎనిమిదిచేత భాగించినయెడల సుమారు 137 కంపనములు వచ్చును. మనుష్యుడు మూలుగు స్వరము ఈ మేరలోనిదే.

లెక్క సరిపోయినంత మాత్రమున రుజువు కాలేదు. రెండవ రాత్రి ఒక విద్యార్థి చీట్లు తీసి, వాని ప్రకారము పది పర్యాయములు తూమును గుడ్డతో మూయుటయో తెరచుటయో చేసెను. తక్కినవారు వృద్ధురాలి గుడిసె ముందర కూర్చుండి, అతడేమి చేసెనో తెలియకయే, మూలుగు వినబడినదా లేదా యని వ్రాసిరి. పదింటిలో తొమ్మిది సరిపోయెను. పదవసారి తూము తెరచియుండెను గాని గాలి యాగియుండెను.

ఒక సంగతి మిగిలెను. రెండవ రాత్రి మూడుగంటల వేళ కప్పుమీద మూడు అడుగుల చప్పుడు విన్నట్లు ఒక విద్యార్థి వ్రాసెను. ఎంత వెదకినను కారణము దొరకలేదు. ఆ పుస్తకములో "కారణము తెలియలేదు" అని వ్రాయించి సంతకము చేయించితిమి. తెలియలేదనుట దయ్యమనుటకు మారుపేరు కాదు. తెలియనిదానిని తెలియనిదిగా నిలువనిచ్చుటయు ధైర్యమే.

మరునాడు రచ్చకట్టయొద్ద పెద్దలు కూడినప్పుడు మేము చెప్పబోవుచుండగా ఆ బాలుడు తానే లేచి, "నేను విన్నది నిజము. అది గాలి. అవ్వమీద రాయి వేసినది నేను" అని చెప్పెను. గుడ్డతో తూము మూసి తెరచి అందరికిని చూపిరి. కొందరు నవ్విరి, కొందరు నమ్మలేదు. నేటికిని చీకటిపడిన తరువాత ఆ బాటను పోనివారున్నారు. అయితే ఆమెను బావియొద్దకు రానీయవలెనని పెద్దలు కట్టడి చేసిరి. ఆ సాయంకాలము బాలుడు ఆమె కడవ నింపి తీసికొనిపోయెను. మేమును వెంబడి పోతిమి. ఆమె నుదుటి కట్టును తడవుకొనుచు, "గాలి కూసిన్దానికి నా తల పగిలె గదయ్యవారూ" అనెను. పందొమ్మండుగురి సాక్ష్యమును పరిష్కరించిన మాకు ఆ మాటకు ఉత్తరము దొరకలేదు.

తూములోని మన్ను తీసివేయబడెను. పడమటి గోడ యెదుట మన విద్యార్థులు వేపమొక్క నాటిరి.

6. ముగింపు

క్రైస్తవులమైన మేము మరణముతో మనుష్యుడు ముగిసిపోడని విశ్వసించుచున్నాము. ఆ విశ్వాసము సత్రపు తూములోని గాలిమీద ఆధారపడి లేదు గనుక, తూమును పరీక్షించుటకు మేము భయపడనక్కరలేదు. సువార్తలో శిష్యులు సయితము రాత్రివేళ, ఎదురుగాలిలో, నీళ్లమీద నడచివచ్చు తమ ప్రభువునే చూచి భూతమని భ్రమసిరి. ఆయన వారిని అబద్ధికులని గద్దింపలేదు; తన్ను గుర్తుపట్టునట్లు వారితో మాటలాడెను. భయపడినవానియెడల మనమును అట్లే చేయవలెను.

పాతకట్టడములు మన పూర్వులు విడిచిన పుస్తకములు. దయ్యమున్నదని వానిని పాడుపెట్టుటయు, నిధి యున్నదని వానిని త్రవ్వి కూల్చుటయు ఒక్క మూఢత్వమునకు రెండు చేతులు. పగటివేళ, పెద్దల అనుమతితో వెళ్లి, కొలిచి, వ్రాసికొని, కాపాడుడి. భయము సాక్షిగా వచ్చి చెప్పునది వినవలెను. దానిని న్యాయాధిపతి పీఠముమీద కూర్చుండబెట్టరాదు.

విద్యార్థులు ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. స్వయముగా విన్నవాని సాక్ష్యమునకును, విన్నవానివలన విన్నవాని సాక్ష్యమునకును భేదమేమి?

2. తూము మూసియున్నదో తెరచియున్నదో వినువారికి తెలియకుండ ఏల చేసితిమి? తెలిసియుండినయెడల ఏమి జరిగియుండును?

3. బోర్లీలోని 48 మంది పరిశీలకులకును, సత్రములోని ఆరుగురికిని గల భేదమును వివరింపుడి. సత్రములోనివారికిని ఏమి వినబడునో ముందుగా తెలిసియుండెను గదా?

4. తూము పొడవు నాలుగడుగులైనయెడల ధ్వని హెచ్చు స్థాయిలో నుండునా, తగ్గు స్థాయిలో నుండునా? లెక్కించి చెప్పుడి.

5. మీ గ్రామమందలి పాతకట్టడమును గూర్చిన కథనొకదానిని పెద్దలనడిగి వ్రాయుడి. ఆ కథవలన నష్టపడిన మనుష్యులెవరైన నున్నారేమో విచారింపుడి.